సర్వర్ ఆంటిగ్వాలో.. బెట్ న్యూయార్క్‌లో.. మరి నేరం ఎక్కడ జరిగినట్టు? ఆన్‌లైన్ బెట్టింగ్ తొలి కోర్టు కేసుల పూర్తి కథ

"మాకు విదేశంలో లైసెన్స్ ఉంది, సర్వర్లు కూడా అక్కడే ఉన్నాయి, కాబట్టి మా యాప్‌లో బెట్ వేస్తే తప్పేం కాదు.." క్రికెట్ సీజన్ వస్తే చాలు, ఫోన్లలో ఇలాంటి ప్రచారం తెగ కనిపిస్తుంటుంది. ఈ వాదన కొత్తదేం కాదు, దీనికి పాతికేళ్లు దాటాయి. 2000 సంవత్సరంలో జే కోహెన్ అనే వ్యాపారి అమెరికా కోర్టులో ఇదే మాట గట్టిగా వినిపించారు. ఫలితం.. 21 నెలల జైలు శిక్ష. ఆ తర్వాత లక్ష జనాభా కూడా లేని ఒక చిన్న దీవి ఇదే గొడవ మీద అమెరికాను ప్రపంచ వాణిజ్య సంస్థకు ఈడ్చింది, కేసు గెలిచింది. అయినా చేతికి చిల్లిగవ్వ రాలేదు. ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్ మొదటి రోజుల్లో నడిచిన ఆ న్యాయపోరాటాలేంటి, ఎవరి వాదన ఏంటి, కోర్టులు ఏం తేల్చాయి.. వివరంగా చూద్దాం.

ముఖ్యాంశాలు

- ఆన్‌లైన్ బెట్టింగ్ కేసుల్లో చాలావరకు ఇంటర్నెట్ పుట్టకముందు, 1961లో వచ్చిన చట్టం చుట్టూనే తిరిగాయి
- కంపెనీ ఏ దేశంలో ఉన్నా, బెట్ వేసే వ్యక్తి ఉన్నచోటి చట్టం వర్తిస్తుందని అమెరికా కోర్టులు తేల్చాయి
- డబ్ల్యూటీవోలో ఆంటిగ్వా గెలిచినా పాత వ్యాపారం తిరిగి రాలేదు
- 2006 తర్వాత వెబ్‌సైట్లతో పాటు డబ్బు నడిచే దారికీ అమెరికా అడ్డుకట్ట వేసింది

వైర్ యాక్ట్ అంటే ఏంటి?

కథ అర్థం కావాలంటే ముందు ఈ చట్టం తెలియాలి. 1961 సెప్టెంబర్‌లో అప్పటి అమెరికా అధ్యక్షుడు జాన్ ఎఫ్ కెనడీ వైర్ యాక్ట్‌పై సంతకం చేశారు. ఆయన తమ్ముడు, అటార్నీ జనరల్ రాబర్ట్ కెనడీ మాఫియా ఆదాయానికి గండి కొట్టాలని పట్టుబట్టి తెచ్చిన చట్టాల్లో ఇదొకటి. అప్పట్లో బుకీలు టెలిఫోన్ లైన్ల మీదే ఒక రాష్ట్రం నుంచి మరో రాష్ట్రానికి పందేలు నడిపేవారు. ఆ లైన్లు వాడకుండా చేస్తే దందా ఆగుతుందన్నది సర్కారు ఆలోచన.

చట్టం చెప్పేది సింపుల్. బెట్టింగ్‌ను వ్యాపారంగా నడిపేవాళ్లు క్రీడా పోటీలపై పందేలను గానీ, పందేలకు పనికొచ్చే సమాచారాన్ని గానీ వైర్ ద్వారా రాష్ట్రాల మధ్య, దేశాల మధ్య పంపకూడదు. పంపితే రెండేళ్ల వరకు జైలు. ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోవాలి. ఒకటి, ఇందులో శిక్ష వ్యాపారం చేసేవాళ్లకే గానీ మామూలుగా బెట్ వేసేవాళ్లకు కాదు. రెండు, ఇందులో ఒక మినహాయింపు ఉంది. బెట్టింగ్ చట్టబద్ధమైన చోటు నుంచి చట్టబద్ధమైన మరో చోటుకు సమాచారం మాత్రమే పంపితే నేరం కాదు. దాదాపు 40 ఏళ్ల తర్వాత అసలు పోరంతా ఈ మినహాయింపు మీదే జరిగింది.

ఆంటిగ్వాకు ఎందుకు వెళ్లారు?

1990ల్లో అమెరికాలో స్పోర్ట్స్ బుక్ నడపడానికి దాదాపు నెవాడా రాష్ట్రం ఒక్కటే దిక్కు. 1992లో వచ్చిన పాస్పా అనే కేంద్ర చట్టం, మిగతా రాష్ట్రాలు కొత్తగా స్పోర్ట్స్ బెట్టింగ్‌కు అనుమతి ఇవ్వకుండా తలుపులు మూసేసింది. కానీ ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ మీద పందెం కాసే జనం మాత్రం దేశమంతా ఉన్నారు.

సరిగ్గా అప్పుడే కరీబియన్ దీవి ఆంటిగ్వా ముందుకొచ్చింది. టూరిజం తప్ప పెద్దగా ఆదాయం లేని దేశం అది. 1994లో ఫ్రీ ట్రేడ్ అండ్ ప్రాసెసింగ్ యాక్ట్ తెచ్చి, ఆ తర్వాత బెట్టింగ్ కంపెనీలకు లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టింది. అమెరికా నుంచి కంపెనీలు వరుసకట్టాయి. 1999 నాటికి తమ దగ్గర 119 లైసెన్స్ కంపెనీలు, వాటిలో సుమారు 3 వేల ఉద్యోగాలు ఉండేవని ఆంటిగ్వా ప్రభుత్వం తర్వాత డబ్ల్యూటీవోకు చెప్పుకుంది. అంత చిన్న దేశంలో 3 వేల ఉద్యోగాలంటే మాటలు కాదు.

తొలి దెబ్బ మిన్నెసోటాలో

ఆన్‌లైన్ స్పోర్ట్స్ బెట్టింగ్‌పై తొలినాటి కేసుల్లో ఒకటి అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో పడింది. విచిత్రం ఏంటంటే.. ఆ సర్వీస్ అప్పటికి ఇంకా మొదలే కాలేదు. లాస్ వెగాస్‌కు చెందిన గ్రానైట్ గేట్ రిసార్ట్స్ అనే కంపెనీ, బెలిజ్ దేశం నుంచి వేజర్‌నెట్ పేరుతో బెట్టింగ్ సర్వీస్ తెస్తున్నామని వెబ్‌సైట్‌లో యాడ్ పెట్టింది. జనాన్ని తప్పుదోవ పట్టిస్తున్నారంటూ 1995లో మిన్నెసోటా అటార్నీ జనరల్ కేసు వేశారు.

"మా ఆఫీస్ మీ రాష్ట్రంలో లేదు, మాపై విచారణ జరిపే హక్కు మీకు లేదు" అన్నది కంపెనీ వాదన. ప్రభుత్వం లెక్కలు బయటపెట్టింది. 1996లో కేవలం రెండు వారాల్లో మిన్నెసోటాలోని కనీసం 248 కంప్యూటర్ల నుంచి ఆ కంపెనీ వెబ్‌సైట్లు చూశారని కోర్టుకు చూపించింది. ప్రపంచమంతా చూసేలా యాడ్ ఇచ్చి, మిన్నెసోటా జనం నుంచి వ్యాపారం ఆశించి, కోర్టుకు మాత్రం రామంటే కుదరదని 1997లో అప్పీల్ కోర్టు చెప్పింది. నేరం ఏంటో తేలకముందే, ఎవరు విచారించాలన్న ప్రశ్నకు అలా ఒక జవాబు దొరికింది.

జే కోహెన్: తిరిగొచ్చి మరీ కేసు ఎదుర్కొన్నారు

ఇక అసలు కేసుకు వద్దాం. జే కోహెన్ శాన్ ఫ్రాన్సిస్కోలో ఆప్షన్స్ ట్రేడర్. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా బర్క్‌లీలో న్యూక్లియర్ ఇంజినీరింగ్ చదివారు. మంచి జీతం వచ్చే ఉద్యోగం వదిలేసి, 1996లో మిత్రులతో కలిసి ఆంటిగ్వా వెళ్లి వరల్డ్ స్పోర్ట్స్ ఎక్స్ఛేంజ్ పెట్టారు. దాగుడుమూతలేం లేవు. ఆంటిగ్వా లైసెన్స్ తీసుకున్నారు, అమెరికా రేడియోల్లో, పేపర్లలో, టీవీల్లో బాహాటంగా యాడ్స్ ఇచ్చారు.

పద్ధతి ఇలా ఉండేది. కస్టమర్ ముందుగా కనీసం 300 డాలర్లు ఆంటిగ్వాలోని ఖాతాకు పంపాలి. ఆ తర్వాత టోల్ ఫ్రీ నంబర్‌కు ఫోన్ చేసి గానీ, ఇంటర్నెట్‌లో గానీ బెట్ వేయాలి. ప్రతి బెట్‌పై కంపెనీకి 10 శాతం కమీషన్. 1997 సెప్టెంబర్ నుంచి 1998 నవంబర్ వరకు 15 నెలల్లో అమెరికా కస్టమర్ల నుంచి దాదాపు 53 లక్షల డాలర్లు వచ్చాయి. 1998 నవంబర్ నాటికి అమెరికా నుంచి 60 వేల ఫోన్ కాల్స్ వస్తే, అందులో 6,100కు పైగా న్యూయార్క్ నుంచే.

ఈలోగా న్యూయార్క్‌లోని ఎఫ్‌బీఐ ఏజెంట్లు మామూలు కస్టమర్లలా ఖాతాలు తెరిచారు. ఫోన్‌లో, ఇంటర్నెట్‌లో బెట్లు వేశారు. అన్నీ రికార్డు చేశారు. 1998 మార్చిలో విదేశీ బెట్టింగ్ కంపెనీలకు చెందిన 14 మందిపై కేసులు పెట్టారు. తర్వాత ఆ సంఖ్య 20 దాటింది. కొందరు తప్పు ఒప్పుకున్నారు. కొందరు అమెరికా గడప తొక్కకుండా విదేశాల్లోనే ఉండిపోయారు. కోహెన్ మాత్రం "నేను తప్పు చేయలేదు, కోర్టులోనే తేల్చుకుంటా" అంటూ స్వచ్ఛందంగా తిరిగొచ్చారు.

కోర్టులో ఏం వాదించారు? జడ్జీలు ఏమన్నారు?

కోహెన్ వాదనలు ప్రధానంగా మూడు.

1. బెట్ పడింది ఆంటిగ్వాలోనే: కస్టమర్ డబ్బు ముందే ఆంటిగ్వా ఖాతాలో ఉంటుంది. న్యూయార్క్ నుంచి వచ్చేది ఆ డబ్బును ఎలా వాడాలన్న సూచన మాత్రమే. కాబట్టి అది బెట్ కాదు, సమాచారం. న్యూయార్క్‌లో గుర్రప్పందేలకు ఓటీబీ అనే సంస్థ ఇలాగే ఖాతాల ద్వారా పందేలు తీసుకుంటోంది కదా అని చూపించారు.

కోర్టు జవాబు: పేరు ఏది పెట్టినా జరిగింది ఒక్కటే. కస్టమర్లు బెట్ అడిగారు, కంపెనీ తీసుకుంది. డబ్బు ముందే ఖాతాలో ఉన్నంత మాత్రాన అది బెట్ కాకుండా పోదు.

2. రెండుచోట్లా నేరం కాదు: ఆంటిగ్వాలో లైసెన్స్ ఉంది. న్యూయార్క్‌లో మామూలు వ్యక్తి బెట్ వేస్తే జైల్లో వేసే చట్టం లేదు. కాబట్టి మినహాయింపు తమకు వర్తిస్తుందన్నారు.

కోర్టు జవాబు: శిక్ష లేకపోవడం వేరు, చట్టబద్ధం కావడం వేరు. ప్రత్యేకంగా అనుమతించిన కొన్ని రకాలు తప్ప న్యూయార్క్ రాష్ట్ర రాజ్యాంగమే బెట్టింగ్‌ను నిషేధించింది. పైగా మినహాయింపు సమాచారానికే గానీ బెట్లకు కాదు.

3. తప్పు చేస్తున్నానన్న ఉద్దేశం లేదు: చట్టం తమవైపే ఉందని నిజంగా నమ్మానన్నారు.

కోర్టు జవాబు: చట్టం నిషేధించిన పని తెలిసి చేశాడా లేదా అన్నదే ముఖ్యం. అది నేరమని తెలియకపోవడం, లేదా కాదని నమ్మడం రక్షణ కాదు.

2000 ఫిబ్రవరి 28న జ్యూరీ మొత్తం 8 అభియోగాల్లోనూ కోహెన్‌ను దోషిగా తేల్చింది. ఆగస్టులో జడ్జి థామస్ గ్రీసా 21 నెలల జైలు శిక్ష వేశారు. 2001 జులైలో అప్పీల్ కోర్టు శిక్షను సమర్థించింది. 2002లో సుప్రీంకోర్టు కేసు వినడానికే ఒప్పుకోలేదు. ఆయన్ను పంపిన జైలు ఎక్కడుందో తెలుసా? లాస్ వెగాస్ దగ్గర. బెట్టింగ్ కౌంటర్లు పట్టపగలు చట్టబద్ధంగా నడిచే ఊరి పక్కనే, బెట్టింగ్ నేరానికి ఆయన ఊచలు లెక్కపెట్టారు.

చీమ వర్సెస్ ఏనుగు: డబ్ల్యూటీవోలో ఆంటిగ్వా

కోహెన్ తీర్పుతో ఆంటిగ్వా పరిశ్రమ కుదేలైంది. 2003 నాటికి 28 కంపెనీలు, 500 లోపు ఉద్యోగాలే మిగిలాయని ఆ దేశం వాపోయింది. అదే ఏడాది మార్చిలో ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికాపై ఫిర్యాదు చేసింది. టెక్సస్‌లోని ఎల్ పాసోకు చెందిన మార్క్ మెండెల్ అనే లాయర్ ఆంటిగ్వా తరఫున వాదించారు.

ఆంటిగ్వా పాయింట్ ఇదీ. సేవల వాణిజ్య ఒప్పందంలో 'ఇతర వినోద సేవలు, స్పోర్టింగ్ మినహా' అనే పద్దు కింద విదేశీ కంపెనీలను రానిస్తామని అమెరికా సంతకం చేసింది. జూదం కూడా వినోద సేవే కాబట్టి తమ కంపెనీలను అడ్డుకోవడం మాట తప్పడమే. దీనికి అమెరికా ఇచ్చిన సమాధానం చూడండి. 'స్పోర్టింగ్' అన్న మాటలోనే జూదం కూడా ఉందని, కాబట్టి దాన్ని ముందే మినహాయించామని వాదించింది. డబ్ల్యూటీవో ఒప్పుకోలేదు.

అమెరికా రెండో అస్త్రం తీసింది.. ప్రజల నైతికత. మైనర్లు, వ్యసనపరులు ఇంట్లో కూర్చునే జూదమాడే ప్రమాదం ఉందని, దొంగ డబ్బు దారులు తెరుచుకుంటాయని చెప్పింది. ఈ కారణం సరైనదేనని 2005 ఏప్రిల్‌లో అప్పీల్ బాడీ ఒప్పుకుంది. అయితే అక్కడే ఒక మెలిక పెట్టింది. అమెరికాలో 1978 నుంచి ఉన్న హార్స్‌రేసింగ్ చట్టం ప్రకారం స్వదేశీ కంపెనీలు గుర్రప్పందేలను రిమోట్‌గా తీసుకోవచ్చని కనిపిస్తోంది. సొంతవాళ్లకు లేని నైతికత బయటివాళ్లకే ఎందుకన్నదే అక్కడి ప్రశ్న. దీనికి అమెరికా సరైన సమాధానం చెప్పలేకపోయింది.

గడువు ముగిసినా అమెరికా చట్టం మార్చలేదు. పైగా 2007 మేలో, ఆ జాబితా నుంచి జూదాన్ని తీసేస్తున్నామని ప్రకటించింది. ఇక నష్టపరిహారం లెక్క మిగిలింది. ఏడాదికి 344 కోట్ల డాలర్లు కావాలని ఆంటిగ్వా అడిగింది. 5 లక్షల డాలర్లు చాలని అమెరికా అంది. 2007 డిసెంబర్‌లో మధ్యవర్తులు 2 కోట్ల 10 లక్షల డాలర్లుగా తేల్చారు.

అయితే ఇది అమెరికా చెక్కు రాసివ్వాల్సిన డబ్బు కాదు. ఆ విలువ మేరకు అమెరికా కాపీరైట్లు, పేటెంట్లు, ట్రేడ్‌మార్కుల రక్షణను ఆంటిగ్వా పక్కన పెట్టొచ్చని అర్థం. 2013 జనవరిలో దీనికి అధికారిక అనుమతీ వచ్చింది. తమకొచ్చే టూరిస్టుల్లో చాలామంది అమెరికన్లే అయిన దేశం ఆ అస్త్రాన్ని ప్రయోగించే సాహసం చేయలేదు. కోహెన్ పెట్టిన వరల్డ్ స్పోర్ట్స్ ఎక్స్ఛేంజ్ కూడా అదే ఏడాది మూతపడింది.

2006: ఎయిర్‌పోర్టుల్లో అరెస్టులు.. బ్యాంకు దారి బంద్

అప్పటికి బెట్టింగ్ కంపెనీలు లండన్ స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో లిస్ట్ అయ్యే స్థాయికి ఎదిగాయి. బ్రిటన్‌లో అది గౌరవప్రదమైన వ్యాపారం. అమెరికా కళ్లకు మాత్రం నేరం. ఆ తేడా ఎంత ప్రమాదమో 2006లో తెలిసొచ్చింది. ఆ ఏడాది జులైలో బెట్‌ఆన్‌స్పోర్ట్స్ సీఈవో డేవిడ్ కరుథర్స్ లండన్ నుంచి కోస్టారికా వెళ్తూ డాలస్‌లో ఫ్లైట్ మారారు. అక్కడే అరెస్ట్ చేశారు. ఆయనకు తర్వాత 33 నెలల శిక్ష పడింది. సెప్టెంబర్‌లో స్పోర్టింగ్‌బెట్ చైర్మన్ పీటర్ డిక్స్‌ను లూసియానా రాష్ట్ర వారెంట్‌పై న్యూయార్క్ ఎయిర్‌పోర్టులో పట్టుకున్నారు. అయితే ఆయన్ను లూసియానాకు అప్పగించడానికి న్యూయార్క్ గవర్నర్ ఒప్పుకోకపోవడంతో బయటపడ్డారు.

అక్టోబర్ 13న అధ్యక్షుడు జార్జ్ బుష్ ఓడరేవుల భద్రత బిల్లుపై సంతకం చేశారు. దాని చివర యూఐజీఈఏ అనే ఆన్‌లైన్ జూదం చట్టాన్ని జోడించారు. ఏ జూదం అక్రమమో ఇది కొత్తగా తేల్చలేదు. అక్రమ ఆన్‌లైన్ జూదానికి కంపెనీలు కార్డుల ద్వారా, బ్యాంకుల ద్వారా డబ్బు తీసుకోవడాన్ని నేరం చేసింది. వెబ్‌సైట్లను ఒక్కొక్కటిగా వెంటాడటం కన్నా డబ్బు గొట్టాన్ని బిగించడం సులువని సర్కారుకు అర్థమైంది. బెట్టింగ్ సొమ్ము చేరవేసిన నెటెల్లర్ అనే పేమెంట్ కంపెనీ 2007లో 13.6 కోట్ల డాలర్లు వదులుకోవాల్సి వచ్చింది.

హైదరాబాద్‌కు ఉన్న లింక్

ఈ దుమారం హైదరాబాద్‌నూ తాకింది. పోకర్ దిగ్గజం పార్టీగేమింగ్ హెడ్ ఆఫీస్ జిబ్రాల్టర్‌లో ఉన్నా, కస్టమర్ సపోర్ట్, టెక్నాలజీ పనుల్లో పెద్ద భాగం హైదరాబాద్ సెంటర్ నుంచే నడిచేది. 2005లో లండన్‌లో లిస్ట్ అయిన ఈ కంపెనీ షేరు, యూఐజీఈఏ కాంగ్రెస్‌లో పాసైందన్న వార్తతో ఒక్కరోజులో సగానికి పైగా పడిపోయింది.

సహ వ్యవస్థాపకుడు అనురాగ్ దీక్షిత్ ఐఐటీ ఢిల్లీలో చదివిన భారతీయుడు. 2008 డిసెంబర్‌లో ఆయన న్యూయార్క్ కోర్టులో వైర్ యాక్ట్ కింద నేరం ఒప్పుకుని 30 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించారు. 2010లో ఏడాది ప్రొబేషన్‌తో జైలు తప్పింది. ఇక్కడే అసలు ట్విస్ట్. 2011 చివర్లో అమెరికా న్యాయశాఖ మాట మార్చింది. వైర్ యాక్ట్ స్పోర్ట్స్ బెట్టింగ్‌కే వర్తిస్తుందని, మిగతా జూదాలకు కాదని అభిప్రాయం ఇచ్చింది. అంటే దీక్షిత్ ఏ పోకర్ వ్యాపారం మీద 30 కోట్ల డాలర్లు కట్టారో, అది ఆ చట్టం కిందికే రాదన్నమాట!

2018: సీన్ రివర్స్

2018 మే 14న అమెరికా సుప్రీంకోర్టు పాస్పా చట్టాన్ని కొట్టేసింది. రాష్ట్రాలు ఏ చట్టం చేయకూడదో కేంద్రం ఆదేశించలేదని తేల్చింది. దాంతో 30కి పైగా రాష్ట్రాలు స్పోర్ట్స్ బెట్టింగ్‌కు తలుపులు తెరిచాయి. 2022 జనవరి నుంచి న్యూయార్క్‌లోనే మొబైల్ బెట్టింగ్ చట్టబద్ధమైంది. కోహెన్‌ను ఏ బెట్ల మీద జైలుకు పంపారో, అవే బెట్లు ఇప్పుడు అదే ఊళ్లో రాష్ట్రానికి పన్ను ఆదాయం తెస్తున్నాయి.

అయితే కోహెన్ కేసులో తేలిన సూత్రం మాత్రం మారలేదు. వైర్ యాక్ట్ ఇప్పటికీ అమల్లో ఉంది. అందుకే లైసెన్స్ ఉన్న అమెరికన్ యాప్‌లు కస్టమర్ ఫోన్ లొకేషన్ చూశాకే బెట్ తీసుకుంటాయి. అనుమతి ఉన్న రాష్ట్రం సరిహద్దు దాటితే యాప్‌లో బెట్ పడదు.

టైమ్‌లైన్

- 1961: వైర్ యాక్ట్
- 1994: ఆంటిగ్వా ఫ్రీ ట్రేడ్ చట్టం
- 1997: మిన్నెసోటా అప్పీల్ కోర్టు తీర్పు
- 2000: జే కోహెన్‌కు శిక్ష
- 2003: డబ్ల్యూటీవోలో ఆంటిగ్వా ఫిర్యాదు
- 2006: యూఐజీఈఏ
- 2007: ఆంటిగ్వాకు ఏడాదికి 2.1 కోట్ల డాలర్ల మేర హక్కు
- 2018: పాస్పా కొట్టివేత

మరి మన దగ్గర?

మన దగ్గరా దాదాపు ఇదే దారి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. విదేశీ యాప్‌లు ఆగలేదు. 2025 మార్చిలో బెట్టింగ్ యాప్‌ల ప్రచారంపై హైదరాబాద్‌లో సినీ నటులు, ఇన్‌ఫ్లుయెన్సర్లపై కేసులు నమోదయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో పార్లమెంట్ ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలు నడిపితే మూడేళ్ల వరకు జైలు, కోటి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. యాడ్స్ ఇస్తే రెండేళ్ల వరకు జైలు, 50 లక్షల వరకు జరిమానా. డబ్బు చెల్లింపులు జరపకుండా బ్యాంకులకు, పేమెంట్ సంస్థలకూ అడ్డుకట్ట వేసింది. వైర్ యాక్ట్ లాగే ఈ కేంద్ర చట్టంలోనూ శిక్షలు నడిపేవాళ్లకు, ప్రచారం చేసేవాళ్లకు, డబ్బు చేరవేసేవాళ్లకే గానీ ఆడేవాళ్లకు లేవు. అయితే రాష్ట్రాల గేమింగ్ చట్టాలు వేరే ఉన్నాయన్నది మర్చిపోకూడదు.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ఆ చట్టం మొదట్లోనే ఉంది. దేశం బయట నుంచి నడిపే సర్వీసులకూ ఇది వర్తిస్తుందని స్పష్టంగా రాశారు. కోహెన్ కేసులో వాదించి తేల్చుకోవాల్సి వచ్చిన విషయాన్ని, ఇక్కడ ముందే చట్టంలో పెట్టేశారన్నమాట. విదేశీ లైసెన్స్ అనేది ఆ కంపెనీకి, ఆ దేశానికి మధ్య వ్యవహారం. బెట్ వేసే ఫోన్ ఏ ఊళ్లో ఉంటే వర్తించేది ఆ ఊరి చట్టమే. రేపు ఆ యాప్ డబ్బు ఎగ్గొట్టి మాయమైతే, "అక్కడ లైసెన్స్ ఉంది కదా" అని ఇక్కడ ఏ స్టేషన్‌కు వెళ్లినా డబ్బు తిరిగి రావడం కష్టమే.